అన్నమయ్య పాటకు వరుస కట్టినదెవరు?

ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని మన సంఘం పెద్దలు కోరినారు. మహానందిలో ఉంటున్నాను గనుక క్షేత్ర మహాత్మ్యం రాస్తానని కొందరు అనుకొని ఉండవచ్చు. అది రాసిన పండితులు చాలామంది ఉన్నారు. మనం రోజూ వింటూ కూడా ఆలోచించని ఒక సంగతి గురించి నాలుగు మాటలు రాస్తాను.

ఆ మధ్య శివరాత్రి కార్యక్రమాల్లో ఒక చిన్నపిల్ల "నానాటి బ్రతుకు" కీర్తన చక్కగా పాడింది. మైకు పట్టుకున్న పెద్దమనిషి, ఇది అయిదు వందల ఏళ్లుగా చెక్కుచెదరని బాణీ అని ప్రకటించినాడు. సభ చప్పట్లు కొట్టింది. మాట అన్నమయ్యది, నిజమే. కాని ఆ రేవతి రాగపు వరుస మన కాలంలో పుట్టినది. కట్టినవారు నేదునూరి కృష్ణమూర్తి గారు.

తాళ్లపాక అన్నమాచార్యులు (1408-1503) మన సీమవారే. రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టి, మనకు దగ్గరలోని అహోబిల మఠం శఠకోప యతి వద్ద వేదాంతం నేర్చినారు. ముప్పయి రెండు వేల సంకీర్తనలు చెప్పినారని ప్రసిద్ధి. వాటిని రాగి రేకులపై చెక్కించి తిరుమల ఆలయంలో భద్రపరచినారు. ఆ రేకులు 1922లో వెలుగులోకి వచ్చినాయి. దొరికిన పాటలు పన్నెండు వేలకు పైమాటే.

రేకుల మీద పాట ఉంది, పైన రాగం పేరు ఉంది. కాని స్వరం రాయలేదు, తాళం చెప్పలేదు. సామంతం, దేసాళం వంటి రాగాలను ఆ రోజుల్లో ఎట్లా పాడేవారో చెప్పే గురుపరంపర కూడా తెగిపోయింది. అంటే పత్రం దొరికింది గాని పాడే గొంతు దొరకలేదు. పాట మళ్లీ పాట కావాలంటే ఎవరో ఒకరు కొత్తగా వరుస కట్టవలసిందే.

ఆ పనికి పూనుకున్నవారిలో ముందు చెప్పవలసినది రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారిని (1893-1979). అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో పుట్టి, మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు చెప్పినారు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు 1950లో గతించిన పిమ్మట తిరుపతిలో రేకుల పరిష్కరణ పని చేపట్టి, ఎన్నో కీర్తనలకు స్వరాలు కూర్చినారు. సాహిత్యం, సంగీతం రెండూ తెలిసినవారు గనుక మాట విరగకుండా రాగం నడిపినారు. 1974లో సంగీత కళానిధి బిరుదు పొందినారు.

తరువాత నేదునూరి వారు (1927-2014) కచేరీ సంప్రదాయంలో మరెన్నో పాటలకు వరుసలు కట్టినారు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు బాలాజీ పంచరత్నమాల రికార్డుల్లో అన్నమయ్య పాటలు పాడడంతో అవి ఇంటింటికీ చేరినాయి.

1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు ప్రారంభించింది. నేదునూరి వారి శిష్యులైన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు (1948-2025) అందులో పనిచేసి కొన్ని వందల కీర్తనలకు బాణీలు కట్టినారు. పునాది శాస్త్రీయ రాగం, నడక లలిత సంగీతం, పక్కన వేణువు, తబలా. సంగీతం నేర్వని గృహిణి కూడా వంట చేసుకుంటూ పాడుకోగలిగినట్లుగా ఉంటాయి. 1997లో "అన్నమయ్య" చిత్రం వచ్చింది. సినిమా వాద్య బృందంతో ఆ పాటలు ఊరూరా మోగినాయి. సంగీత దర్శకుడు కీరవాణి గారికి జాతీయ పురస్కారం లభించింది.

ఇట్లా కచేరీ, రేడియో, సినిమా మధ్య గట్లు చెరిగిపోతే సంప్రదాయం ఏమవుతుందని కొందరు పెద్దల బాధ. రేకు మీద ఒక రాగం ఉంటే మరో రాగంలో పాడడం ఏమి న్యాయమని వారి ప్రశ్న. అది తోసివేయదగినది కాదు. ఏ రాగం చెక్కి ఉందో పాడేవారు తెలుసుకొని, చెప్పి పాడడం మంచిది. అయితే గట్లు దాటిన మొదటివాడు అన్నమయ్యే. సంకీర్తనకు లక్షణ గ్రంథం రాసిన పండితుడే పల్లెల్లో పాడుకొనే జాజర, గొబ్బి, సువ్వి, లాలి, ఏల పాటలను స్వామి సన్నిధికి తీసుకుపోయినాడు. ఆ పదాలకు వీణ ఎంత తగునో, మన భజన గుంపు తాళాలూ అంతే తగును.

నా బాధ వేరు. జర్మనీలో గోథే కవితకు షూబర్ట్ స్వరం కట్టితే ఇద్దరి పేర్లూ వేస్తారు. మన దగ్గర స్వరకర్త పేరు మాయమవుతున్నది. ఆఫీసుల్లో పనిచేసిన మనకు ఇది తెలియని సంగతి కాదు. ముసాయిదా రాత్రంతా కూర్చొని తయారు చేసేది గుమాస్తా, కింద సంతకం మరొకరిది. అయినా నోటు ఫైలులో మన పొడి అక్షరాలైనా ఉండేవి. పాటకు ఆ నోటు ఫైలు కూడా లేదు.

కాబట్టి పెన్షనరు మిత్రులకు ఒక విన్నపం. మనుమరాలు అన్నమయ్య కీర్తన నేర్చుకుంటుంటే, ఈ వరుస ఎవరిదమ్మా అని అడగండి. తెలియకుంటే వాళ్ల సంగీతం టీచరును అడిగి నోటుపుస్తకంలో పాట పైన రాయించండి. రేకుల మీద అన్నమయ్య మాట నిలిచింది. ఆ మాటకు గొంతునిచ్చిన వారి పేర్లు మన పిల్లల పుస్తకాల్లోనైనా నిలవాలి.