దిల్‌సుఖ్‌నగర్ - ఎల్.బి.నగర్ మెట్రో మార్గంలో తక్షణ సమాచారంతో రైళ్ల వేళల సవరణ

కర్మాగారంలో ఉత్పత్తి ప్రణాళికను ముందురోజే రూపొందించినప్పటికీ, ఏ యంత్రం నడుస్తున్నది, ఏది ఆగినది అన్న సమాచారం ఆ క్షణమే అందితే తప్ప దానిని సకాలంలో సరిదిద్దడం సాధ్యం కాదు. షిఫ్టు ముగిసిన తరువాత చేరే నివేదిక జరిగిన నష్టాన్ని తెలుపగలదే గాని నివారించజాలదు. హైదరాబాద్ తూర్పు ప్రాంతంలో ఈ సూత్రం ప్రతిదినం అమలవుతున్నది మెట్రో మార్గంలో. ఇక్కడ రైళ్లే యంత్రాలు, వేళాపట్టికే ఉత్పత్తి ప్రణాళిక.

మియాపూర్ - ఎల్.బి.నగర్ కారిడార్ పొడవు 29 కిలోమీటర్లు, స్టేషన్లు 27. అమీర్‌పేట నుండి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్.బి.నగర్ వరకు గల 16 కిలోమీటర్ల భాగాన్ని 2018 సెప్టెంబరు 24న అప్పటి గవర్నర్ శ్రీ ఇ.ఎస్.ఎల్. నరసింహన్ ప్రారంభించారు.

ఈ మార్గంలో సీబీటీసీగా వ్యవహరించే, రేడియో సమాచారంపై ఆధారపడిన సిగ్నలింగ్ విధానం వినియోగంలో ఉన్నది. దీనిని థేల్స్ సంస్థ సమకూర్చింది. ఆ సంస్థ రైల్వే సిగ్నలింగ్ విభాగం 2024లో హిటాచీ రైల్‌కు బదిలీ అయినది. పాత విధానంలో పట్టాలను నిర్ణీత భాగాలుగా విభజించి, ఒక భాగంలో రైలు ఉన్నంతవరకు ఆ భాగమంతటిని మూసివేసేవారు. రైలు ఆ భాగంలో ఏ చోట ఉన్నదో తెలిసేది కాదు. సీబీటీసీలో ప్రతి రైలు తన వేగాన్ని, చక్రాల భ్రమణం ద్వారా ప్రయాణించిన దూరాన్ని తానే లెక్కించుకుంటుంది. పట్టాల మధ్య అమర్చిన ట్యాగుల ఆధారంగా ఆ లెక్కను సరిచూసుకొని, తానున్న చోటును రేడియో ద్వారా నిరంతరం తెలియజేస్తుంది. ముందున్న రైలు కదిలిన కొలదీ వెనుక రైలుకు అనుమతించే దూరం పెరుగుతుంది. అందువలన రైళ్ల మధ్య వ్యవధిని సురక్షితంగా తగ్గించవచ్చు.

ఉదయం రద్దీ వేళ దిల్‌సుఖ్‌నగర్‌లో తలుపులు మూసుకొనుటకు అర నిమిషం ఆలస్యమైనదనుకుందాం. ఆ లోపు తరువాతి స్టేషన్లలో ప్రయాణికులు మరింతమంది చేరుతారు, రైలు అక్కడ ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది, ఆలస్యం పెరుగుతుంది. వెనుక రైలు మాత్రం దాదాపు ఖాళీగా దగ్గరవుతుంది. ఉప్పల్‌లోని నియంత్రణ కేంద్రంలో కంప్యూటరు వ్యవస్థ వాస్తవ స్థితిని వేళాపట్టికతో పోల్చి, రైలు స్టేషన్‌లో నిలిచే వ్యవధిని, స్టేషన్ల మధ్య వేగాన్ని సవరిస్తుంది. ఎల్.బి.నగర్‌లో రైలు దిశ మార్చుకొనే వ్యవధి కూడా ఇందులో కీలకం. అక్కడ కోల్పోయిన నిమిషం తిరుగు ప్రయాణంలో అమీర్‌పేట వరకు వెంటాడుతుంది. ఈ సవరణలేవీ రెండు రైళ్ల మధ్య ఉండవలసిన సురక్షిత దూరాన్ని తగ్గించలేవు. ఆ రక్షణ వ్యవస్థ విడిగా పనిచేస్తుంది.

అయితే సమాచారం కొత్త రైలును సృష్టించలేదు. మెట్రోను మూడేసి బోగీల 57 రైళ్లతో రూపొందించారు. ఈ కారిడార్ డిపో అవతలి కొసన మియాపూర్‌లో ఉన్నది. ఎల్.బి.నగర్‌లో రద్దీ కనిపించిన తరువాత డిపో నుండి అదనపు రైలును పంపితే, అది చేరుటకు సుమారు 50 నిమిషాలు పడుతుంది. కనుక ఆ నిర్ణయం రద్దీకి ముందే, గత దినాల సమాచారం ఆధారంగా జరగాలి. వేళల నిర్వహణలో అసలు కష్టం ఇదే.

మెట్రో వంతెన కింద, విజయవాడ జాతీయ రహదారిపై నడిచే బస్సుల పరిస్థితి వేరు. బస్సు ఉన్న చోటును ప్రయాణికులకు చూపే ‘గమ్యం’ యాప్‌ను ఆర్టీసీ 2023 ఆగస్టులో ప్రవేశపెట్టింది. దిల్‌సుఖ్‌నగర్ కూడలిలో వాహనాల మధ్య చిక్కుకున్న బస్సు ఎక్కడున్నదీ తెలిసినప్పటికీ, దాని ముందు దారిని ఖాళీ చేయించుట డిపో అధికారుల చేతిలో లేదు. వారు మార్చగలిగేది తదుపరి బస్సు బయలుదేరే వేళను మాత్రమే.