ఇంక్‌స్కేప్: ప్రదర్శన రీతులు, పునశ్చిత్రణ వేగము

సోడిపోడి యను పూర్వ సాఫ్ట్‌వేర్ నుండి 2003లో వేఱుపడి వెలసిన ఇంక్‌స్కేప్ అను చిత్రలేఖన సాఫ్ట్‌వేర్ నందు చిత్రము పిక్సెళ్ల రాశిగాఁ గాక రేఖాగణిత వర్ణనముగా నిక్షిప్తమగుటచే, చిత్రకారుఁడు కాన్వాసును జరిపినను, జూమ్ చేసినను, కనఁబడు భాగమును కంప్యూటర్ మరల లెక్కించి గీయవలసియుండును. ఈ శ్రమలో సింహభాగము తఱచుగా గాసియన్ బ్లర్ (మసకపఱచుట) వంటి ఫిల్టర్లది. ఒక మసక నీడను మిక్కిలి దగ్గఱగాఁ జూడఁబోయినచో, ప్రతి పిక్సెల్ విలువకును చుట్టునున్న అనేక పిక్సెళ్లను లెక్కకుఁ దీసికొనవలసివచ్చి, తెర నత్తనడక నడచును.

అందులకు విరుగుడుగా వ్యూ మెనూలో కొన్ని రీతులు గలవు. సాధారణ రీతి సర్వమును జూపును. ఫిల్టర్లు లేని రీతి రంగులను ఉంచి ఫిల్టర్ల ప్రభావమును మాత్రము తొలగించును. ఔట్‌లైన్ రీతి రంగులను, గీతల మందమును, పారదర్శకతను విడిచి, ఆకృతుల అంచులనే సన్నని రేఖలుగా నిలుపును. కంట్రోల్ మీటతో కీప్యాడ్‌లోని 5ను నొక్కినచో రీతి మాఱును. ఔట్‌లైన్ కేవలము వేగమునకే యని తలఁచుట పొరపాటు. ఒకదాని క్రింద నొకటి దాఁగిన ఆకృతులను, రంగులేని వస్తువులను పట్టుకొనుటకు ఇంతకంటె సులభోపాయము లేదు. 2020 నాఁటి 1.0 కూర్పు సన్నని గీతలు అదృశ్యము కాకుండఁ జూపు రీతిని చేర్చెను.

ప్రిఫరెన్సెస్‌లో బ్లర్ నాణ్యతను తగ్గించియు వేగము పొందవచ్చును; ఆ తగ్గింపు తెరకే పరిమితము, పి.ఎన్.జి.గా ఎగుమతి చేయునపుడు ఉత్తమ నాణ్యతయే వినియోగింపఁబడును.