పండుగ మఱునాటి వంట



పండుగనాటి విందును వర్ణించిన కవులు పెక్కుమంది కలరు. పండుగ మఱునాటి వంటను వర్ణించినవా రరుదు. అయినను ఇల్లాలి నడిగి చూడుడు. పండుగనాడు వండుట కష్టము కాదనియు, మఱునాడు మిగిలిన గిన్నెల యెదుట నిలిచి ఏది దాచవలెనో, ఏది మఱల వండవలెనో, ఏది ఎవరికి పంపవలెనో నిర్ణయించుటయే కష్టమనియు ఆమె చెప్పును. ఒక జాతియొక్క సంపద విందునాడు కనబడును. దాని బుద్ధియు దయయు మఱునాడు కనబడును. ఈ మాటకు నిదర్శనముగా నేడు ఫిలిప్పీను ద్వీపముల చరిత్రనుండి కొంత వినిపింతును.

ఈ ద్వీపములు మన తూర్పు సముద్రమున కావల, మలయా దేశమును దాటిన పిమ్మట, చైనా సముద్రమునకును పసిఫిక్ మహాసముద్రమునకును నడుమ నున్నవి. లెక్కకు 7,641 ద్వీపములు. 1565లో లెగాస్పి యను సేనాని సెబు ద్వీపమున దిగి వలస నెలకొల్పినది మొదలు 1898 వఱకు స్పెయిన్ వారును, పిమ్మట అమెరికావారును, నడుమ 1942 మొదలు 1945 వఱకు జపానువారును ఆ దేశము నేలిరి. 1946 జూలై 4వ తేదీన దానికి స్వాతంత్ర్యము లభించెను. స్పెయిన్ వారి మూలమున ప్రజలలో అధికసంఖ్యాకులు కతోలిక క్రైస్తవులైరి గాన క్రిస్మసు వారికి పెద్దపండుగ. ఆ పండుగ వంటలో పందిమాంసము ముఖ్యము. శాకాహారులగు శ్రోతలు జుగుప్స పడకుందురుగాక! దేశమును బట్టి ఆహారము. ఆహారమును బట్టి నేర్పు. మనకు కావలసినది ఆ నేర్పు.

డిసెంబరు 16వ తేదీ మొదలు 24 వఱకు తొమ్మిది దినములు వారు కోడికూసిన వేళకు లేచి దేవాలయమున ప్రార్థనలు సల్పుదురు. ఇది మన ధనుర్మాసమే. తెల్లవారుజామున చలిలో గుడికి పోయి వేడి ప్రసాదము తినివచ్చు మనకు ఆ దృశ్యము పరాయిదిగా తోపదు. అచట గుడి వాకిట బియ్యపుపిండితో కాల్చిన బిబింకాయు, వెదురుగొట్టములలో ఆవిరిపై నుడికించిన పుతో బుంబోంగును అమ్ముదురు. 24వ తేదీ అర్ధరాత్రి ప్రార్థన ముగిసిన పిమ్మట కుటుంబమంతయు కూడి భుజించు విందునకు నోచె బ్యువెనా యని స్పానిష్ పేరు. వారము తిరిగి డిసెంబరు 31 అర్ధరాత్రి వచ్చునప్పటికి మెదియా నోచె యను మఱియొక విందు. ఆనాడు నాణెములవలె గుండ్రనైన పండ్లు పండ్రెండు విధములు బల్లపై నుంచినచో ఏడాది పొడవున ధనమునకు కొఱత యుండదని నమ్మకము.

ఆ విందులో నేమేమి యుండును? నిప్పులపై త్రిప్పుచు కాల్చిన నిండుపంది యొకటి. దీనికి లెచోన్ అని పేరు. స్పానిష్ భాషలో లెచె యనగా పాలు; లెచోన్ అనగా పాలు మానని పందిపిల్ల. ద్వీపవాసులు ఆ పేరును గ్రహించి పెద్దపందికే పెట్టిరి. మఱియు ఉప్పులో ఊఱవేసిన తొడమాంసము, ఎఱ్ఱని మైనపు తొడుగు గల గుండువంటి చీజు, చైనావారి సేమియా వంటి పన్సిత్, అన్నము, మిఠాయిలు. వండుట యింటివారికి మాత్రమే కాదు. వాకిట నెవరు కనబడినను “రండి, తిందము” అని పిలుచుట వారి మర్యాద. పిలువకయే వచ్చు చుట్టమునకు లేదనకూడదు. కావున లెక్కకు మించి వండక తప్పదు. లెక్కకు మించి వండినపుడు మిగులక తప్పదు.

ఇక ఆ దేశపు ఎండయు ఉక్కయు మన కోస్తా యెండ వంటివే. ఉదయము వండిన మాంసము మఱునాటికి చెడును. మంచుగడ్డల పేరెఱుగని కాలమున వారికి రక్షకమైనది సిర్కా. వెనిగరు అని కొంద ఱందురు. కొబ్బరికల్లు, తాటిజాతి చెట్ల కల్లు, చెఱకురసము వీనిని పులియబెట్టి వారు సిర్కా చేయుదురు. ఇది నిన్న మొన్నటి విద్య కాదు. 1521లో మాగెల్లాను నావలతో వచ్చిన పిగఫెట్టా యను ఇటలీదేశీయుడు తన యాత్రాగ్రంథమున, ఒక్క కొబ్బరిచెట్టునుండియే ఆ ప్రజలు కల్లు, నూనె, పాలు తీయు విధమును, కొబ్బరినీటిని ఎండలో నుంచి సిర్కా చేయు విధమును వ్రాసియున్నాడు. అతడే మఱియొక సంగతియు వ్రాసెను. ఆ సంవత్సరము గుడ్ ఫ్రైడే దినమున ద్వీపపు రా జొకడు పందిమాంసమును మద్యమును తెప్పించి విందు చేసెను. క్రైస్తవులకు ఆనాడు మాంసము కూడదు. అయినను ఆతిథ్యమును కాదనలేక తినవలసివచ్చెనని అతడు చెప్పుకొన్నాడు. పంది విందును, సిర్కాయు స్పెయిన్ వారు నేర్పినవి కావని దీనివలన తేటపడుచున్నది.

సిర్కాకు వారి తగలోగు భాషలో సుకా యని పేరు. మలయా భాషలో చుకా. ఇది సంస్కృత చుక్రశబ్దమునుండి పుట్టినదని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అమరకోశము వల్లించినవారికి చుక్రశబ్దము క్రొత్తది కాదు. పుల్లని వస్తువులలో అది పఠింపబడినది. మన పెరటిలోని చుక్కకూర సంస్కృతమున చుక్రిక. మన వర్తకుల నావలతో సముద్రము దాటిన గురుశబ్దము అచట గురో యయ్యెను. దేవతాశబ్దము దివాతా యయ్యెను. వానితోడనే పులుపును చెప్పు మాట యొకటి వంటయింటికి చేరినది. రాజులు మాఱిరి, మతము మాఱెను, వంటయింటి మాట మాత్రము నిలిచినది.

స్పెయిన్ వారు వచ్చి చూచునప్పటికి ద్వీపవాసులు మాంసమును సిర్కా, ఉప్పులతో నుడికించి నిలువ చేయుచుండిరి. 1613లో సాన్ బ్యువెనావెంతురా యను సన్న్యాసి అచ్చువేయించిన తగలోగు నిఘంటువులో దీనిని “దేశీయుల అదోబో” యని పేర్కొనెను. స్పెయిన్ వారికి అదోబో యనగా ఊఱవేయుట. పేరు పరదేశపుది, పాకము స్వదేశపుది.

పండుగ మఱునాటి ముఖ్యమైన వంటకు పక్సివ్ అని పేరు. అనగా సిర్కాలో నుడికించుట. దాని విధానము సులభము. మిగిలిన కాల్చినమాంసమును ఎముకలతో సహా ముక్కలు చేసి కుండలో వేయుదురు. వెల్లుల్లి, ఉల్లి, మిరియములు, సుగంధపుటాకులు చేర్చి సిర్కాయు నీరును పోయుదురు. కాలేయము నూఱి చేసిన పులుసు ముందునాటిది మిగిలియుండును గదా, అదియు, కొంచెము బెల్లమో పంచదారయో అందు కలుపుదురు. ఆ పిమ్మట సన్ననిసెగపై చాలసేపు మరగనిత్తురు. సిర్కా పోసిన వెంటనే గరిటె పెట్టి కలుపరాదని ముసలమ్మలు నియమము చెప్పుదురు. పచ్చివాసన పోయిన తరువాతనే కలుపవలెనట. ఇట్లు చేసినపుడు ముందునాడు గట్టిపడిన తోలు మెత్తబడును, ఎముకలలోని సారము పులుసులోనికి దిగును. విందునాటి లెచోన్ కంటె మఱునాటి పక్సివే రుచియని చెప్పువారు అచట పెక్కురు. మొదటినాటి రుచి నిప్పువలన వచ్చినది; రెండవనాటి రుచి ఓపికవలన వచ్చినది.

మిగిలినవానికిని ఒక్కొక దారి కలదు. కాల్చినమాంసపు టెముకలను చింతపులుసులో వేసి సినిగాంగ్ చేయుదురు. పొడిపొడిగా నున్న మాంసమును కూరముక్కలతో కలిపి పలుచని పిండిరేకులలో చుట్టి లుంపియా చేయుదురు. ఈ చుట్టుట చైనావారి విద్య. 16వ శతాబ్దమునుండి మనీలా కోటచెంత కాపురమున్న చైనావర్తకులు దానిని తెచ్చిరి. కోడిమాంసము మిగిలినచో బియ్యముతో అల్లము వేసి జావ కాచుదురు. ఇక మన చద్దివంటిది వారికిని కలదు. రాత్రి మిగిలిన అన్నమునకు బహావ్ అని పేరు. దానిని ఉదయమున వెల్లుల్లితో వేయించినచో సినంగాగ్ అగును. అప్పుడు వండిన అన్నము దీనికి పనికిరాదు. మెతుకు మెతుకు విడివడుటకు రాత్రి నిలిచిన అన్నమే కావలెను. మిగులుట ఇచట దోషము కాదు, గుణము.

ఈ వంటలలో మనవారి జాడయు నొకటి కలదు. 1762లో చెన్నపట్టణమునుండి బయలుదేరిన ఆంగ్లేయ నౌకాదళము మనీలాను పట్టుకొని 1764 వఱకు నిలుపుకొనెను. ఆ దళముతో పోయిన చెన్నపట్టణపు సిపాయీలలో కొందఱు తిరిగి రాక మనీలాచెంతనున్న కైంటా యను ఊర స్థిరపడిరి. వేరుశెనగలు నూఱి చిక్కగా చేయు కరే-కరే యను కూర వారివలననే వచ్చినదని అచటివారు చెప్పుకొందురు.

వంటను గూర్చి చెప్పితిని. అంతకంటె ముఖ్యమైనది పంపకము. విందు ముగిసి అతిథులు లేచునపుడు గృహిణి ఆకులలోనో గిన్నెలలోనో కొంత కొంత కట్టి వారి చేతికిచ్చును. దీనికి పబావోన్ అని పేరు. బావోన్ అనగా దారిబత్తెము. ఇంటిలో నిలిచిపోయిన ముసలివారికి, రాలేకపోయిన బిడ్డలకు అది చేరును. వట్టిచేతులతో పంపుట గృహస్థునకు చిన్నతనము. మన పెద్దలు ప్రయాణమునకు కట్టియిచ్చు చద్దిమూట యిదియే. పెద్దలమాట చద్దిమూట యని మనవారు సామెత చెప్పిరి. ఒకపూట నిలిచిన అన్నమునకు పెద్దలమాటతో సమానగౌరవ మిచ్చిన భాష మనది.

ఇచట మన భాషలోని రెండు మాటలను వేఱుచేసి చూడవలెను. మిగులు వేఱు, ఎంగిలి వేఱు. ఎవరును ముట్టకమునుపు ప్రక్కకు తీసి యుంచినది మిగులు. తిని విడిచినది ఎంగిలి. పబావోన్ ఇచ్చువాడు మిగులు నిచ్చుచున్నాడు. పుచ్చుకొనువాడు తలవంచుకొన నక్కఱలేదు.

ఈ విద్య వినోదము కాదని, ప్రాణరక్షకమని యుద్ధకాలమున తెలియవచ్చెను. అమెరికావారి పాలనలో 1902లో మనీలాయందు మంచుగడ్డల కర్మాగారము వెలసెను. డబ్బాలలోని ఆహారము విరివిగా దిగెను. పాతనేర్పులు పట్టణములలో చులకనయ్యెను. అట్టి దినములలో మరియా ఒరోసా యను విదుషి అమెరికాలో ఆహారశాస్త్రము చదివి తిరిగివచ్చి ప్రభుత్వోద్యోగమున చేరి, పల్లెపల్లెకు స్త్రీసంఘములు పెట్టించి, పండినదానిని పాడుకాకుండ నిలువచేయు పద్ధతులు నేర్పెను. విద్యుత్తు లేని యిండ్లకొఱకు మట్టికుండతో చేయు పొయ్యిని కల్పించెను. టొమాటోలు దొరకని చోట అరటిపండ్లతో కెచప్ అను పచ్చడి చేసి చూపెను. జపానువారి దండయాత్రచే తిండి కఱవైనపుడు, ధాన్యము దంచగా మిగిలిన తవుడుతో రొట్టెలు చేయించి బెరిబెరి వ్యాధిగ్రస్తులకు పంచెను. సోయాచిక్కుడు పొడిని సాంతో తోమాస్ విశ్వవిద్యాలయమున బందీలైయున్న వారికి రహస్యముగా పంపెను. మనము పశువులకు పెట్టు తవుడు అచట మనుష్యుల ప్రాణములు నిలిపినది. 1945 ఫిబ్రవరి 13వ తేదీన మనీలాయుద్ధమున ఫిరంగిగుండు తునుకలు తగిలి ఆమె మరణించెను. రాజ్యములు గెలిచినవారికి విగ్రహములు పెక్కు కలవు. ఆకలిని గెలువజూచిన యిట్టివారి పేరును మన పిల్లలకు చెప్పుట మన విధి.

ఈ కథకు చీకటిప్రక్కయు కలదు. అదే మనీలా నగరమున తోందో మొదలగు పేటలలో, హోటళ్లవారు చెత్తతో పాఱవేసిన మాంసపు ముక్కలను ఏరి, కడిగి, మఱల వండి పేదలకు అమ్ముచున్నారు. దానికి పగ్‌పగ్ అని పేరు. దుమ్ము దులుపుట యని యర్థము. దానిని తినువారిని నిందింపరాదు. ఆకలి నిందకు వెఱువదు. ఆలోచింపవలసినది పాఱవేసినవారిని గూర్చి. ఆ ముక్కలే చెత్తలో పడకమునుపు శుభ్రమైన గిన్నెలో పెట్టి యిచ్చినచో మిగులై యుండెడివి. ఒక గడియ యాలస్యముచేత ఎంగిలియయ్యెను. ఒకే నగరమున ఒకే పులుపుతో వండిన రెండు కుండలు: ఒకదానివెనుక చేయి సాచి యిచ్చిన గృహిణి కలదు; రెండవదానివెనుక ఎవరును లేరు.

పెద్దలారా, మన గ్రామములలో పెండ్లిండ్లు, సంతర్పణములు జరుగునపుడు ఆజ్ఞ యిచ్చువారు మీరు. వడ్డనకు పూర్వమే యొక పాత్ర ప్రక్కనుంచి, రాలేనివారి యింటికి పంపుడని మీరొక మాట చెప్పినచో కాదనువా రుండరు. బంతి లేచిన పిమ్మట పంపినది ఎంతటిదైనను పుచ్చుకొనువాని మనసు చిన్నబోవును. ముందే తీసియుంచినది గుప్పెడైనను గౌరవమగును. అన్నము పరబ్రహ్మస్వరూపమని మనము నిత్యము చెప్పుకొనుచున్నాము. ఆ మాట నిజమో కాదో విందునాడు తేలదు, మఱునాడు తేలును.