బల్లమీది యుద్ధం - మారిన రూల్సు

యుద్ధాన్ని బల్లమీద ఆడి చూడటం ఫౌజీలకు పాత అలవాటే. 1824లో ప్రష్యా ఫిరంగి దళానికి చెందిన లెఫ్టినెంట్ రైస్‌విట్జ్ మ్యాపు, పాచికలు, అంపైరుతో ఆడే రూల్సు అచ్చు వేయించాడు. మన శాండ్ మోడల్ ఎక్సర్‌సైజులకు అది ముత్తాత వంటిది. ఆ వంశంలోనే, కాకపోతే వినోదం కోసం, 1983లో ఇంగ్లండులో వార్‌హామర్ అనే ఆట పుట్టింది. చిన్న చిన్న బొమ్మ సిపాయిలు, మరుగుజ్జులు, డ్రాగన్లు, మంత్రగాళ్లు! ఇవన్నీ మనకెందుకు అంటారేమో. రూల్సు చదివితే మాత్రం మన పాత క్లాసులే గుర్తుకొస్తాయి.

మొదటి కూర్పులో రైస్‌విట్జ్ పద్ధతిలోనే అంపైరు ఉండేవాడు. తర్వాత క్రమంగా తప్పుకున్నాడు. అసలు తేడా 2006లో వచ్చిన ఏడో కూర్పుకీ, 2010 నాటి ఎనిమిదో కూర్పుకీ మధ్య ఉంది.

ఏడో కూర్పులో టేపుతో ముందుగా కొలవకూడదు. ఫిరంగి పేల్చాలంటే దూరం కంటితోనే అంచనా కట్టి చెప్పాలి. ఛార్జి కూడా అంతే. మనిషి నడక 4 అంగుళాలైతే ఛార్జి 8 అంగుళాలు. శత్రువు 9 అంగుళాల్లో ఉంటే మీ దళం మామూలు నడకతో సగం దారిలో ఆగిపోతుంది, వాడు తన వంతులో వచ్చి మీదపడతాడు. మన జడ్జింగ్ డిస్టెన్స్ కాక ఇదేమిటి? ఎక్కువలో ఎక్కువ ఇంత, తక్కువలో తక్కువ ఇంత అనుకుని మధ్య లెక్క తీసే బ్రాకెటింగ్ ఇక్కడ చక్కగా పనికొస్తుంది. రంగరూటుకి నేర్పినట్టే కంటికి పని.

ఎనిమిదో కూర్పు వచ్చి ఎప్పుడైనా కొలుచుకోండి అంది. ఛార్జికి మాత్రం నడకకు రెండు పాచికలు కలపాలి. అంటే అదే మనిషి 6 నుంచి 16 అంగుళాల దాకా ఎంతైనా పోవచ్చు. కంటి విద్య పోయి అదృష్టం వచ్చిందని పాత ఆటగాళ్లు గొణిగారు. ఫిరంగి విషయంలో నేనూ వాళ్ల పక్షమే. ఛార్జి దగ్గర మాత్రం కాదు. బురద, భయం, అలసట ఏ టేపుకీ అందవు, దాడి ఎంతదాకా పోతుందో ఏ కమాండరూ ముందే చెప్పలేడు.

ఇంకొకటి. ఏడో కూర్పులో ఛార్జి చేసినవాడిదే మొదటి దెబ్బ. ముందు వరస చచ్చిపోతే తిరిగి కొట్టేవాడే ఉండడు. ఎనిమిదిలో వెనక వరస ముందుకొచ్చి కొడుతుంది, దెబ్బల వరస చురుకుదనాన్ని బట్టి సాగుతుంది. ఇదే నిజానికి దగ్గర. అయితే పెద్ద గుంపులకు బలం పెరిగింది, బొమ్మలు ఎక్కువ కొనాల్సి వచ్చింది. అమ్మేవాడికి బాధేముంది!

2015లో ఆ ఆటను ఆపేసి, నాలుగు పేజీల మూల రూల్సుతో ఏజ్ ఆఫ్ సిగ్మార్ తెచ్చారు. 2024లో ది ఓల్డ్ వరల్డ్ పేరిట పాత పద్ధతి మళ్లీ వచ్చింది. అందులో కొలుచుకోవచ్చు. ఛార్జికి రెండు పాచికలు వేసి పెద్దదాన్నే కలుపుతారు. అంటే మన 4 అంగుళాల మనిషి 5 నుంచి 10 దాకా వెళ్తాడు.