అర్రే పేరు చిరునామా ఎలా అయింది?

సి భాష నేర్చుకునే విద్యార్థులు పాయింటర్ల దగ్గరికి రాగానే తడబడతారు. అర్రే పేరు రాస్తే అందులోని మొదటి అంశం చిరునామా వస్తుందని పుస్తకం చెబుతుంది. ఎందుకలా అని మీరెప్పుడైనా అడిగారా? జవాబు వ్యాకరణంలో లేదు, చరిత్రలో ఉంది.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో కెన్ థాంప్సన్ పి.డి.పి.-7 అనే చిన్న కంప్యూటరు కోసం బి భాషను తయారుచేశారు. అందులో రకాలు లేవు. మెమొరీ అంటే వరుసగా నంబర్లు వేసిన గదులు, పాయింటరు అంటే గది నంబరు, అంతే! అర్రేను ప్రకటిస్తే దాని గదులతోపాటు, మొదటి గది నంబరును దాచుకునే మరో గది కూడా ఏర్పడేది.

1970లో పి.డి.పి.-11 వచ్చింది. ఇందులో ప్రతి బైటుకూ వేరే నంబరు. పూర్ణాంకానికి 2 బైట్లు. బి పాయింటరును వాడిన ప్రతిసారీ గది నంబరును బైటు నంబరుగా మార్చవలసి వచ్చేది. దీంతో డెన్నిస్ రిచీ 1971 నుంచి భాషకు రకాలు చేర్చసాగారు. పాయింటరు దేన్ని చూపుతోందో కంపైలరుకు తెలిస్తే, మీరు 1 కలిపినప్పుడు అది 2 బైట్లు ముందుకు జరుపుతుంది.

అసలు చిక్కు స్ట్రక్చర్లతో వచ్చింది. ఆనాటి యూనిక్స్ డైరెక్టరీలో ఒక్కో నమోదు 2 బైట్ల సంఖ్య, 14 అక్షరాల పేరు. డిస్కు మీద ఉన్న ఈ 16 బైట్లకు స్ట్రక్చరు సరిగ్గా సరిపోవాలని రిచీ కోరిక. మరి పేరు అనే అర్రేకు కావలసిన ఆ అదనపు గది ఎక్కడ పెట్టాలి? ఆయన దాన్ని తీసేశారు! అర్రే పేరు వాడినప్పుడే చిరునామా పుట్టేలా చేశారు. ఎంత పొదుపైన ఉపాయమో చూడండి. 1973లో యూనిక్స్ కెర్నెల్‌ను ఈ భాషలోనే తిరగరాశారు.

అయితే ఫంక్షనుకు అర్రేను పంపితే చిరునామా ఒక్కటే వెళుతుంది, పొడవు వెళ్లదు. 1988 నవంబరు 2న మారిస్ వర్మ్ ఈ సందులోంచే దూరింది. ఫింగర్ అనే సేవలోని 512 బైట్ల అర్రేలోకి అది 536 బైట్లు పంపింది. వాటిని చదివే గెట్స్ ఫంక్షనుకు హద్దు తెలియదు. పొంగిన బైట్లు స్టాక్‌లోని తిరుగు చిరునామాను చెరిపేసి, వర్మ్ పంపిన ఆదేశాల వైపు దారి మళ్లించాయి. గెట్స్‌ను 2011 నాటి సి ప్రమాణంలో తొలగించారు.

మాలక్ ఇచ్చేదీ చిరునామానే. ఎన్ని బైట్లు అడిగారో గుర్తుంచుకోవలసింది మీరే. ఒక చిన్న ప్రయోగం చేయండి. నేటి 64 బిట్ల కంప్యూటరులో 10 పూర్ణాంకాల అర్రేకు సైజ్ఆఫ్ అడిగితే సాధారణంగా 40 వస్తుంది. అదే అర్రేను ఫంక్షనుకు పంపి, లోపల మళ్లీ అడగండి. 8 వస్తుంది.