నామినేషనే నిరసన: నల్లగొండ నుంచి ఆర్మూర్ దాకా

2019 ఏప్రిల్ 11న నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో ఓటేయడానికి వెళ్లినవాళ్లకు పోలింగ్ గదిలో వరసగా పన్నెండు బ్యాలెట్ యూనిట్లు కనిపించాయి. ఒక్కోదాని మీద పదహారు గడులు. బరిలో ఉన్నది 185 మంది, ఆఖరున నోటా. ఆ 185 మందిలో 178 మంది పసుపు, ఎర్రజొన్న పండించే రైతులు. తమ గుర్తు ఎక్కడుందో వెతుక్కోవడానికే ఓటర్లకు సమయం పట్టింది. ఈ ఒక్క నియోజకవర్గానికి పోలింగ్ వేళలు కూడా వేరుగా, ఉదయం 8 నుంచి సాయంత్రం 6 దాకా పెట్టాల్సి వచ్చింది.

గుంపుగా నామినేషన్లు వేసి నిరసన తెలిపే ఈ పద్ధతి ఆ రైతుల ప్రాంతమైన ఆర్మూర్‌లో పుట్టలేదు. అంతకు చాలా ముందే నల్లగొండ దాన్ని వాడింది.

ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకరపోయి, నడుము వంగిపోయిన మనుషులు ఆ జిల్లాలో ఊరూరా ఉండేవారు. కృష్ణా నీళ్లు ఇవ్వండి, శ్రీశైలం ఎడమగట్టు కాలువ తవ్వండి అని ఎన్నేళ్లు మొరపెట్టుకున్నా హైదరాబాద్ వినలేదు, ఢిల్లీ వినలేదు. దుశర్ల సత్యనారాయణ నడిపిన జలసాధన సమితి 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఊళ్ల నుంచి వందల మందితో నామినేషన్లు వేయించింది. చివరికి బరిలో 480 మంది మిగిలారు. బ్యాలెట్ కాగితం కాస్తా పుస్తకమైంది. దాన్ని అచ్చువేయడానికే గడువు చాలక ఎన్నికల సంఘం అక్కడ పోలింగ్ వాయిదా వేసింది. గెలిచింది సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం. కానీ నల్లగొండ నీళ్ల గోస దేశమంతా వినపడింది మాత్రం ఆ పుస్తకం వల్లే.

అదే ఏడాది తమిళనాడులోని మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది, కర్ణాటకలోని బెల్గాంలో 456 మంది పోటీకి దిగారు. మొడకురిచ్చిలో రైతుల బాధ, బెల్గాంలో మరాఠీ మాట్లాడేవాళ్ల సరిహద్దు గొడవ. గోడు ఎవరిది వాళ్లదే అయినా పట్టుకున్న ఆయుధం మాత్రం ఒకటే.

దీనికి రాజ్యం చెప్పిన జవాబు చూడండి. అదే ఏడాది ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి లోక్‌సభ అభ్యర్థి ధరావతును 500 రూపాయల నుంచి 10 వేలకు పెంచారు. స్వతంత్రుడిగా నిలబడాలంటే పదిమంది ఓటర్లు ప్రతిపాదించాలన్నారు. 2009లో ధరావతు 25 వేలైంది. శ్రీశైలం ఎడమగట్టు సొరంగం నేటికీ పూర్తికాలేదు. కంచె కట్టడానికి మాత్రం కొన్ని నెలలు చాలాయి. అడిగినవాడి గొంతు తడపడం కంటే గొంతు మీద సుంకం వేయడమే సులువనుకున్నారు. ఇక సామాన్యులు గుంపుగా నామినేషన్లు వేయలేరనే చాలామంది నమ్మారు.

ఆ కంచెను ఇరవై మూడేళ్ల తర్వాత దూకింది పసుపు రైతులు.

పసుపు తొమ్మిది నెలల పంట. జూన్‌లో విత్తనం పెడితే జనవరి దాటాక తవ్వకం మొదలవుతుంది. తవ్వి, మట్టి దులిపి, కొమ్ము, మండ వేరుచేసి, ఉడకబెట్టి, కళ్లంలో రోజుల తరబడి ఎండబెట్టి, పాలిష్ పట్టిస్తేగాని బస్తాకెత్తే సరుకు కాదు. ఆరబోసిన కొమ్మును రైతు రెండుగా విరిచి చూస్తాడు. పుటుక్కున విరిగితే ఎండినట్టు, వంగితే ఇంకో రెండు రోజులు కాపలా. ఇంత చేసి నిజామాబాద్ యార్డుకో, మహారాష్ట్రలోని సాంగ్లీకో తోలుకుపోతే, 2010లో క్వింటాల్ 15 వేలు దాటిన సరుకును 2019 నాటికి ఐదారు వేలకు అడిగారు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో పసుపు లేదు. కాఫీకి, తేయాకుకు, రబ్బరుకు, పొగాకుకు బోర్డులున్నాయి. పసుపును మాత్రం సుగంధ ద్రవ్యాల బోర్డులో ఒక మూల కూర్చోబెట్టారు.

ఎర్రజొన్నది ఇంకో కథ. ఉత్తరాదిన పశుగ్రాసం విత్తనంగా పోయే ఈ పంటను ప్రధానంగా కొనేది వ్యాపారులే. 2008లో బకాయిలు ఎగ్గొట్టారని ఆర్మూర్ రైతులు రోడ్డెక్కితే అది పెద్ద గొడవైంది, వాళ్ల మీద కేసులు పడ్డాయి. దాదాపు 11 కోట్ల ఆ బకాయిలు తీరింది తెలంగాణ వచ్చాక, ప్రభుత్వ ఖజానా నుంచి.

2019 ఫిబ్రవరిలో మళ్లీ రోడ్డెక్కారు. పసుపుకు క్వింటాల్‌కు 15 వేలు, ఎర్రజొన్నకు 3,500, ఒక పసుపు బోర్డు, అడిగింది ఇంతే. మామిడిపల్లి చౌరస్తాలో బైఠాయించారు, 44వ నంబరు జాతీయ రహదారి ఆగింది. 144 సెక్షన్ వచ్చింది, అరెస్టులు వచ్చాయి.

అసలు కీలకం ఇక్కడుంది. నలుగురు రోడ్డు మీద చేరితే పోలీసులు చెదరగొట్టగలరు. అదే మనిషి నామినేషన్ కాగితం పట్టుకుని రిటర్నింగ్ అధికారి బల్ల ముందు నిలబడితే అధికారి కాగితం తీసుకోవాలి, రసీదు ఇవ్వాలి, గుర్తు కేటాయించాలి. 178 మందికి తలా పదిమంది చొప్పున ప్రతిపాదకుల సంతకాలే 1,780. ధరావతు పోతుందని తెలిసే తలా 25 వేలు కట్టారు. గెలుస్తామని కాదు, లెక్కలోకి రావాలని.

అంతమందిని కదిలించడానికి కావలసిన కట్టుబాటు ఈ ప్రాంతపు ఊళ్లకు కొత్త కాదు. ఇక్కడ గ్రామాభివృద్ధి కమిటీ మాటంటే మాటే. ఇదే కమిటీలు దళితులను, చిన్న కులాలవారిని సాంఘిక బహిష్కరణ చేసిన ఉదంతాలూ ఈ జిల్లాలోనే ఉన్నాయి. ఊరి బలం రాజ్యం మీదికి తిరిగినప్పుడు మెచ్చుకునే మనం, అది ఊళ్లోని బలహీనుడి మీదికి తిరిగినప్పుడు కళ్లు మూసుకోకూడదు.

గోదావరి దాటితే నిర్మల్. 1860లో తిరుగుబాటు చేసిన రాంజీ గోండును అనుచరులతో సహా మర్రిచెట్టుకు ఉరితీసింది అక్కడే. ఆ పైన జోడేఘాట్‌లో 1940లో నిజాంపై పోరాడిన కొమురం భీం నేలకొరిగాడు. వాళ్లు ప్రాణాలు ఒడ్డారు; పసుపు రైతులు ఒడ్డింది ధరావతు సొమ్ము. రెండింటినీ ఒకే తూకంలో వేయలేం. అయితే మా నేల మీద, మా పంట మీద మా మాట చెల్లాలన్న పట్టుదల ఏటికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా ఉంది.

మళ్లీ 2019 ఎన్నికకు వస్తే, పాతరకం ఓటింగ్ యంత్రాలకు నోటాతో కలిపి 64 పేర్లే హద్దు. అది దాటితే కాగితమే. అందుకే నిజామాబాద్‌లో మళ్లీ బ్యాలెట్ కాగితం వస్తుందనుకున్నారు. ఎన్నికల సంఘం మాత్రం 24 యూనిట్ల దాకా కలపగల ఎం3 యంత్రాలను హైదరాబాద్ ఈసీఐఎల్ నుంచి తెప్పించింది. అప్పటి ముఖ్యమంత్రి కూతురు, సిట్టింగ్ ఎంపీ కవిత దాదాపు 71 వేల ఓట్లతో ఓడిపోయారు. గెలిచిన ధర్మపురి అర్వింద్, గెలిస్తే ఐదు రోజుల్లో పసుపు బోర్డు తెస్తానని ఎన్నికలకు ముందే బాండు పేపర్ మీద రాసిచ్చారు. ఆ నెలల్లోనే ఆర్మూర్ ప్రాంత రైతులు కొందరు ప్రధానమంత్రి మీద పోటీకి వారణాసి దాకా వెళ్లి నామినేషన్లు వేశారు.

ఐదు రోజులు నాలుగేళ్లు దాటాయి. 2023 అక్టోబరు 1న మహబూబ్‌నగర్ సభలో ప్రధాని మోదీ జాతీయ పసుపు బోర్డు ప్రకటించారు. 2025 సంక్రాంతి నాడు అది ప్రారంభమైంది. ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌లో. తొలి అధ్యక్షుడు ఆర్మూర్ పక్కనే ఉన్న అంకాపూర్‌కు చెందిన పల్లె గంగారెడ్డి. ఇది చిన్న గెలుపు కాదు. ఢిల్లీలో పేరే లేని పంటకు, అది పండే గడ్డ మీదే దేశపు కార్యాలయం వెలిసింది.

అయినా బోర్డు పని ఎగుమతులు, నాణ్యత, పరిశోధన. ధరకు పూచీ అది పడదు. 15 వేల మద్దతు ధర అడిగిన కాగితం ఇంకా అడుగుతున్న కాగితంగానే ఉంది. ఎర్రజొన్న రైతుకైతే బోర్డు కూడా లేదు.