సర్వజ్ఞత్వమును మనుష్యుని యోగ్యతయు

దేవుడున్నాడని నమ్మువారిలో ఆయన సర్వజ్ఞుడు కాడని చెప్ప సాహసించువారు అరుదు. మన మనస్సున పుట్టిన తలంపు మనకంటె ముందుగా ఆయనకు తెలియుననియు, ఎవరి శీలమెట్టిదో, ఎవరిలో నెంత శక్తి దాగియున్నదో ఆయన యెఱుగుననియు పురాణము వినబోవు ముదుసలి మొదలు వేదాంతము చదివిన పండితుని వఱకు అందఱు నొప్పుకొందురు. ఒప్పుకొని యింటికి పోయి, ఎదుటివాని యోగ్యతను వాని కులమునుబట్టియో కట్టుబట్టనుబట్టియో తామే నిర్ణయింతురు. సర్వజ్ఞత్వము దేవునిదని నోట పలికి, చేతలలో దానిని తామే చెలాయించు ఈ వింతను మన పూర్వకవులు చూచి యూరకుండలేదు. ముఖ్యముగా పూర్వపు ఓరుగల్లు జిల్లాలో, 2016వ సంవత్సరమున జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి యని వేఱు జిల్లాలైన సీమలో, ఈ వివాదము ఏడువందల యేండ్లుగా నడచుచున్నది. ఆ చరిత్రను కొంత చెప్పదలచితిమి.

దేవుని యెఱుకను మన పెద్దలు మొదట సాక్షిరూపమున భావించిరి. నన్నయభట్టు శకుంతలోపాఖ్యానమున, నిన్నెఱుగనన్న దుష్యంతుని యెదుట శకుంతల సాక్షులను పేర్కొనును. గాంధర్వవివాహమునకు మనుష్యసాక్షి లేడు. అయినను సూర్యచంద్రులును యముడును లోపలి యాత్మయు మనుష్యుని నడవడిని చూచుచునే యున్నారని ఆమె వాదము. చదువరులు గమనింపవలసినది ఒకటి కలదు. ఈ మాట నాడుచున్నది రాజు కాదు. రాజసభలో తనవారెవరును లేని స్త్రీ. బలవంతునికి సాక్షులు కొదువలేదు. సర్వసాక్షితో పని పడునది దిక్కులేనివారికే.

సాక్షియున్నచో లెక్కయు నుండవలెను గదా. ఆ లెక్కకు యముడు అధికారి, చిత్రగుప్తుడు కరణము. భూపాలపల్లి జిల్లాలో ప్రాణహిత గోదావరితో కలియుచోట నున్న కాళేశ్వరమునకు పోయినవారు ఒక్క పానవట్టముమీద రెండు లింగములను చూచియుందురు. ఒకటి కాళేశ్వరుడు, అనగా యముడు, రెండవది ముక్తేశ్వరుడు. దీనికి స్థలపురాణము చెప్పు కారణము మిక్కిలి రసవంతమైనది. ముక్తేశ్వరుని సేవించిన వారందఱు ముక్తినొందుచుండగా యమునికి పని లేకపోయెనట. అతడు తపస్సుచేసి మొఱపెట్టుకొనగా శివుడు తన పానవట్టము మీదనే చోటిచ్చి, మొదటి పూజ నీకు జరుగవలెనని వరమిచ్చెనట. లెక్క వ్రాయువాడును లెక్క కొట్టివేయువాడును ఒక్క పీఠముమీద కూర్చుండిరి. మనుష్యుడు చేసినదానిని మాత్రమే చూచువాడు న్యాయాధిపతి. చేయగలిగినదానిని కూడ చూచువాడు దేవుడు. ఈ వ్యాఖ్య అర్చకులు చెప్పినది కాదు, మాదే. లింగముల నట్లు జంటగా నిలిపినవారి మనస్సు దీనికి దూరము కాదని మాత్రము మా నమ్మకము.

మహబూబాబాదు జిల్లాలోని కురవి తెలుగు గద్యశాసనము దొరకిన ప్రాచీనస్థలము. అచ్చటి వీరభద్రస్వామికి శివరాత్రినాడు జాతర జరుగును. వీరభద్రుని పుట్టుక ఎల్లరెఱిగినదే. దక్షుడు శాస్త్రము తెలిసినవాడు, యజ్ఞవిధి నెఱిగినవాడు. అల్లుని బూడిదపూత చూచి, పాముల చూచి, వీడు సభకు తగడని తేల్చివేసెను. ఆ తీర్పే యజ్ఞమును చెఱచినది. పోతనామాత్యుని పేర వీరభద్రవిజయమను కావ్యమొకటి యున్నదని మాత్రము చెప్పి పాలకుర్తికి పోవుదము. మా కథకు నడిబొడ్డు అదియే.

జనగామ జిల్లాలోని పాలకుర్తి, పాల్కురికి సోమనాథుని యూరు. ఆయన కాలమును గూర్చి పండితులలో వాదములు గలవు. పదుమూడవ శతాబ్దివాడనుటలో అంతగా భేదము లేదు. అప్పటికి కల్యాణకటకపు బసవేశ్వరుడు కాలధర్మము నొంది నూఱేండ్లకు అటునిటుగా నైనది. ఆ శివభక్తుల కథలను సోమనాథుడు సంస్కృతవృత్తములలో బిగింపక, అందఱు పాడుకొనదగిన ద్విపదలో, జానుతెనుగున బసవపురాణముగా రచించెను. ఇది ఛందస్సును గూర్చిన చిన్నవిషయము కాదు. ఎవరి కథ చెప్పుచున్నాడో వారి చెవికి అందునట్లు చెప్పదలచెను. 1369లో భీమకవి దీనిని కన్నడమునకు మార్చెను. 1990లో ఆంగ్లానువాదమును వెలువడినది.

ఆ గ్రంథమున మాదర చెన్నయ్య కథ యొకటి. చెన్నయ్య చోళరాజు గుఱ్ఱములకు గడ్డి కోసి తెచ్చి బ్రతుకువాడు. లోకము అంటరాదని దూరముంచిన కులమున పుట్టినవాడు. తన భక్తిని ఎవరికిని చెప్పుకొనడు. గుప్తముగా శివునికి అంబలి నర్పించును. శివుడు వచ్చి ఆ యంబలి త్రాగును. ఇట చోళరాజు దినదినము పళ్లెముల నిండ నైవేద్యము పెట్టి, స్వామి తానే యారగించుట చూచి పొంగిపోవుచుండువాడు. ఒకనాడు పళ్లెము పెట్టినది పెట్టినట్లే యుండెను. రాజు తన వలన నేమి తప్పు జరిగెనోయని ప్రాణత్యాగమునకు సిద్ధపడగా శివుడు చెప్పిన కారణము, చెన్నయ్య యింట అంబలి త్రాగి కడుపు నిండినదని! చెన్నయ్య యెవడో రాజునకు తెలియదు. తన సాలలో, తన గుఱ్ఱములకు, దినమును గడ్డి వేయువానిని రాజు ఎఱుగడు. వెదకికొని పోయి పాదములమీద పడెను.

ఈ కథను భక్తిమహిమకు ఉదాహరణముగా చెప్పి ముగించుట వాడుక. మాకు అంతకంటె ముఖ్యముగా తోచునది వేఱొకటి. సోమనాథుడు దేవుని సర్వజ్ఞత్వమును రాజుయొక్క అజ్ఞానము ప్రక్కన నిలువబెట్టినాడు. చెన్నయ్య క్రొత్తగా యోగ్యుడు కాలేదు, ముందునుండియు యోగ్యుడే. మారవలసినది రాజు చూపు. గొడగూచి కథయు నట్టిదే. తండ్రి మాట నమ్మి గుడికి పాలు తీసికొనిపోయిన చిన్నపిల్ల, స్వామి త్రాగకుండుట చూచి ఏడ్చి, తల పగులగొట్టుకొనబోగా శివుడు పాలు త్రాగెను. తండ్రి నమ్మలేదు. కన్నతండ్రికి కూడ బిడ్డలోపల నేమున్నదో తెలియదని కవి భావము కాబోలు. శివుడు విషము మ్రింగెనని పురాణమున విని, అయ్యో చచ్చిపోవునేమోయని తల్లడిల్లిన రుద్రపశుపతిని చూచి పండితులు నవ్వుకొని యుందురు. శివుడు మాత్రము నవ్వక, తానే వచ్చి తనకేమియు కాదని నమ్మించుకొనవలసి వచ్చెను. ఇట్టివారిని సోమనాథుడు ముగ్ధభక్తులని వరుసగా కూర్చినాడు. చాకలియైన మడివాలు మాచయ్యకు ఆయన యిచ్చిన పీటము ఏ మంత్రికిని తక్కువ కాదు.

సోమనాథుని స్తోత్రము చేసి విడిచిపెట్టుట సత్యమునకు ద్రోహము. ఇంత విశాలముగా తలుపు తెఱచినవాడు మఱొక తలుపును గట్టిగా మూసినాడు. జైనుల విషయమునను, లింగధారణము లేని భవుల విషయమునను బసవపురాణము చూపు కాఠిన్యము, చెప్పు హింస, నేటి చదువరికి కంటక మగును. భక్తుని హృదయమును కులము వెనుకనుండి చూడగలిగిన దేవునికి, జైనుని హృదయమును మతము వెనుకనుండి చూచుట అసాధ్యమా? కవి ఆ ప్రశ్న వేసికొనలేదు. తన దేవుని యెఱుకకు తానే కంచె వేసెను. చెన్నయ్య కథను ఎంత ప్రేమతో చదువుదుమో, ఈ కంచెను అంత స్పష్టముగా చూపుట మా ధర్మము.

పాలకుర్తికి కొద్ది క్రోసుల దూరముననే బమ్మెర గలదు. పోతన ఒంటిమిట్టవాడని వాదించిన పండితులు లేకపోలేదు; వారితో తగవు మాకిప్పుడు వలదు. ఇంటిపేరే బమ్మెర. పదునైదవ శతాబ్దివాడైన ఈ కవిని గూర్చి జనులు చెప్పుకొను కథలో ఒక విచిత్రము గలదు. భాగవతమును తనకంకితమిమ్మని యడిగిన ప్రభువు సింగభూపాలుడు. ఆయన బిరుదము సర్వజ్ఞ. రాచకొండ పద్మనాయకులలో ఆ పేరుగలవారు ఒకరికంటె నెక్కువ యుండిరి; రసార్ణవసుధాకరమను అలంకారశాస్త్రగ్రంథము ఆ వంశపు సింగభూపాలుని పేర నున్నది గనుక బిరుదము వట్టి ముఖస్తుతి కాదనవచ్చును. పోతన ఈయననగా ప్రభువు గ్రంథమును పాతిపెట్టించెననియు, కొన్నిభాగములు చెదలు తినెననియు కథ. గంగన, సింగన, నారయలు కొన్ని స్కంధములను పూరించుట మాత్రము చరిత్రమే. కథ నిజమైనను కాకున్నను, జనులు దానిని కల్పించుకొని దాచుకొనుటలో నొక తీర్పు గలదు: సర్వజ్ఞుడని పేరు మోసినవానికి తన యేలుబడిలోని కవి యెవడో తెలియలేదట!

పోతన భాగవతమున ప్రహ్లాదచరిత్రము మావంటి ఉపాధ్యాయులు తఱచుగా చదువవలసినది. హిరణ్యకశిపుడు తపస్సునకు పోయినప్పుడు ఇంద్రుడు గర్భవతియైన లీలావతిని పట్టుకొనిపోవును. రాక్షసుని బిడ్డ రాక్షసుడే యగును గనుక పుట్టగానే చంపవలెనని ఆయన యాలోచన. ఎంత సులభమైన తర్కము! నేడును ఎంతమంది యింద్రులు ఈ తర్కముతోనే కాలక్షేపము చేయుచున్నారు! నారదుడు అడ్డపడి, కడుపులోని బిడ్డ భాగవతుడని చెప్పి విడిపించెను. పుట్టుకనుబట్టి తీర్పు చెప్పినవాడు దేవరాజు; లోపలి శీలము నెఱిగి మాటలాడినవాడు భగవంతుని హృదయము తెలిసిన ముని. తరువాత ఆ బాలుడు చండామార్కుల బడికి పోయెను. శుక్రాచార్యుని కుమారులు, పాఠము చెప్పుటలో లోపము లేనివారు. చెప్పినదంతయు పిల్లవాడు నేర్చుకొనెను. వారు చెప్పనిది వానికి ముందే వచ్చుననుట వారికి తట్టలేదు. గురువులు ఇంటిపనులలో నున్న సమయమున ఆ పిల్లవాడే తోడి పిల్లలకు పాఠము చెప్పసాగెను. చండామార్కులు రాజు నొద్దకు పరుగెత్తి ఫిర్యాదు చేసిరి. వీనికి చదువు రాదని పట్టికలో వ్రాసి సంతకము చేయు వృత్తికి వీరే ఆదిపురుషులేమో యని మాకు అప్పుడప్పుడు తోచును.

ఇచ్చట నొక ఆక్షేపణ వచ్చును. ఎవడేమగునో దేవునికి ముందే తెలిసినచో, అది వానికి విధించినట్లే గదా, తలవ్రాతను తప్పించువాడెవడు? పల్లెలలో కూలివాని బిడ్డను బడికి పంపుమన్నప్పుడు పెద్దలు చెప్పుచువచ్చిన సమాధానము ఇదియే: వాని నొసట వ్రాసియుండవలెను గదా! ఎఱుకకును విధించుటకును గల భేదమును పూర్వులు స్పష్టముగనే గుర్తించిరి. క్రీస్తుశకము 524 ప్రాంతమున కారాగృహమున మరణమునకై వేచియున్న రోమక పండితుడు బొయీథియసు ఈ ప్రశ్ననే వేసికొని, చూచుటవలన జరుగుట నిర్బంధము కాదని తేల్చుకొనెను. నడచుచున్నవానిని మనము చూచుటచేత వాడు నడువవలసివచ్చుట లేదు గదా. మన బ్రహ్మసూత్రములలో ఈశ్వరునికి పక్షపాతమును నిర్దయయు లేవని చెప్పిన చోట శంకరాచార్యులు వాననుదాహరించిరి. వాన వరికిని యవలకును ఒక్కటే. మొలకలోని భేదము విత్తనముది. ఆ విత్తనమునకు పూర్వకర్మమని ఆచార్యులు పేరుపెట్టిరి. దానిని కులమని చదివినవారు తరువాతి వారిలో కొల్లలుగ నుండిరి. కర్మఫలము నెఱుగువాడు ఈశ్వరుడొక్కడే యని చెప్పు శాస్త్రమును చేతబట్టుకొని, ఎదుటివాని కర్మము తమకు చదువవచ్చినట్లు మాటలాడుట శాస్త్రము కాదు, దొరతనము.

ఆ దొరతనము కవిత్వముతో పోలేదు. పాలకుర్తిలోనే 1940 తరువాతి సంవత్సరములలో చిట్యాల ఐలమ్మ యను చాకలి స్త్రీ కౌలుకు భూమి తీసికొని సేద్యము చేసెను. విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డికి ఇది కంటగింపయ్యెను. బట్టలుతుకవలసినది భూమి దున్నుటేమని ఆ కాలపు గడీల భావము. పంటను ఎత్తుకొనిపోవుటకు మనుష్యులను పంపగా, ఆంధ్రమహాసభ సంఘమువారి తోడ్పాటుతో ఆమె ఎదిరించి నిలిచి, ధాన్యమును తన యింటికి చేర్చుకొనెను. దొర మనుష్యులు ఆమె యింటిని తగులబెట్టిరి, ఆమె లొంగలేదు. 1946 జులై 4న అదే ప్రాంతమున కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండ్లకు బలియైన పిమ్మట తెలంగాణ రైతుల పోరాటము సాయుధరూపము దాల్చెను. ఐలమ్మను నిలిపినది సంఘముగాని పురాణము కాదు. ఆ సంఘమున దేవుని నమ్మనివారును పలువురుండిరి. అయినను మడివాలు మాచయ్యను శివుని సరసన నిలిపిన కవి పుట్టిన యూరిలోనే, ఏడు శతాబ్దుల తరువాత చాకలి యింటి స్త్రీకి తన పంట తనదని చెప్పుకొనుటకు ఇంత పోరు కావలసివచ్చెననుట తలచుకొనునప్పుడు, ఆ ద్విపదలను అన్నాళ్లు పాడినవారు ఏమి విని పాడిరో యని ఆశ్చర్యము కలుగును.

ఆ కాలమున చాకలియింటి ఆడపిల్లకు బడి యెక్కడిది? ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న మరణించెను. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళావిశ్వవిద్యాలయమునకు ప్రభుత్వమువారు ఆమె పేరు పెట్టిరి. నిజాము దర్బారున ఆంగ్లేయుల ప్రతినిధియైన రెసిడెంటు నివసించిన భవనము ఆ యావరణముననే యున్నది. ఆడపిల్లలు ఇప్పుడు ఐలమ్మ పేరుగల పట్టాలకై ఆ ద్వారమున లోపలికి పోవుచున్నారు.